ఏడుగురు పెరిగిన ఉయ్యాల

మా వైపు బిడ్డ పుట్టకముందు బిడ్డ కోసం ఏ వస్తువూ తేరు. చొక్కా కుట్టించరు, గిలక కొనరు, ఉయ్యాల మాట ఎత్తరు. ముందే తెచ్చిపెడితే ఆ వస్తువు బిడ్డ కోసం ఎదురుచూస్తూ కూచుంటుందనీ, అట్లా ఎదురుచూడడం మంచిది కాదనీ అంటారు. అందువల్ల బిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలి అన్నది పుట్టిన తర్వాతి మాట. అప్పుడైనా పెద్ద ఆలోచన ఉండేది కాదు. ఇరవైఒకటో దినం దాకా తల్లి పక్కలో, ఆ తర్వాత ఉయ్యాలలో. ఉయ్యాల కొనేవాళ్ళు తక్కువ. బిడ్డలు బతికి బట్టకట్టిన ఇంటికి పోయి అడిగి తెచ్చుకునేవాళ్ళు. దాన్ని అచ్చొచ్చిన ఉయ్యాల అనేవాళ్ళు.

నా మొదటి బిడ్డ ఉయ్యాల దాకా రాలేదు. కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో, ప్రొద్దుటూరులో మా అత్తగారింట్లోనే పుట్టింది. ఆడపిల్ల. పదహారు దినాలు నా పక్కలోనే పడుకుంది. మాది నులక మంచం. పాత నులక కావడంతో నడుమ గుంత పడి ఉండేది. ఎంత అంచున పడుకున్నా తెల్లారేసరికి నడుమకే జారిపోయేవాళ్ళం. పదిహేడో దినం పొద్దున నేను లేచేటప్పటికి పాప నా చంక కింద ఉంది. చల్లగా ఉంది.

ఏమైందో ఎవరూ గట్టిగా చెప్పలేదు. గాలి సోకిందని ఒకరన్నారు. బాలగ్రహమన్నారు ఇంకొకరు. ఎదురింటామె మాత్రం బావి దగ్గర ఇంకో ఆమెతో, “మొద్దునిద్దర. పక్కలో ఉన్న బిడ్డ తెలీకుండాపాయ దానికి,” అనింది. నేను తడికె అవతలే ఉన్నాను. అది అబద్ధమని నేను అనలేను. నిజమనీ అనలేను. నాకు తెలియదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తెలియదు. మా అత్త మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. ఆమె కూడా అయిదుగురిని కని ఇద్దరిని మిగుల్చుకున్న మనిషి.

రాజధాని హైదరాబాదుకు పోయిన తర్వాత నాకు మళ్ళీ కడుపైంది. మా ఆయన పత్తి మిల్లులో తూకం దగ్గర పని చేసేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. నెలలు నిండుతుండగా ఒకరోజు అన్నం తింటూ, “ఈ తూరి జమ్మలమడుగు ఆస్పత్రికి పోదాం,” అన్నాడు. మా అత్త కంచంలో మజ్జిగ పోస్తూ, “పోదాం లే,” అనింది. అంతే. పాత సంగతి ఎవరూ తీయలేదు.

ఆస్పత్రిలో నాకు మళ్ళీ ఆడపిల్లే పుట్టింది. కాన్పు సులువుగానే అయింది. మెలకువ వచ్చి పక్కకు చూస్తే బిడ్డ నా మంచంలో లేదు. నా మంచానికి ఆనించి ఒక ఇనుప తొట్టి ఉంది. నాలుగు కాళ్ళు, చుట్టూ సన్నని కడ్డీలు. అందులో బిడ్డ వెల్లకిలా పడుకుని ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. ఎంత దొర్లినా నేను మాత్రం బిడ్డ మీదికి పోలేను. ఆ రెండూ ఒకేసారి ఎట్లా కుదిరినాయో చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మా అత్తకు ఆ తొట్టి నచ్చలేదు.

“ఏందమ్మా ఇది, కోళ్ళ గంప మాదిరి! పుట్టిన బిడ్డను తల్లికాడ లేకుండా కటకటాల్లో ఏస్తారా?” అని నర్సమ్మను అడిగింది.

ఆ నర్సమ్మ పెద్దామె. ఆదివారం పూట చర్చికి పోయి వచ్చి తెల్ల చీర మీదనే పనిలోకి దిగేది. ఎవరికీ వెరిచేది కాదు. “పెద్దమ్మా, కోళ్ళను గంప కింద ఎందుకు మూస్తారు? పిల్లి ఎత్తుకపోకుండా కదా? ఇదీ అంతే,” అనింది.

“ఈడ పిల్లులు యాడుండాయి?”

“నిద్దర ఉండాది పెద్దమ్మా. నిద్దర పిల్లి కంటే పాడుది.”

మా అత్త కొంగు దులుపుకుని, బిడ్డల తల్లులకు వండిపెట్టేవాళ్ళ కోసం వేసిన రేకుల పాకలోకి వంటకు పోయింది. నర్సమ్మ నా వైపు తిరిగింది. ఆమెకు నా మొదటి బిడ్డ సంగతి మా ఆయన చెప్పినట్టుంది.

“సూడు పాపా. ఇంటికి పోయినాంక కూడా బిడ్డను పక్కలో ఏసుకోవాకు. పాలిచ్చేటప్పుడు ఎత్తుకో, ఇచ్చినాంక ఆడ పెట్టు. అడుగు చదునుగా ఉండాల, గట్టిగా ఉండాల. దిండు పెట్టవాకు. మెత్తగా ఉంటాదని పాతచీరలు కుక్కవాకు. బిడ్డ మొగం దాంట్లో పూడుకుంటాది.”

తర్వాత తన పిడికిలి బిగించి రెండు కడ్డీల నడుమ పెట్టింది. పోలేదు.

“ఇది చూసుకో. పిడికిలి పోయిందంటే బిడ్డ ఒళ్ళు జారిపోతాది, తలకాయ ఇరుక్కుంటాది. పిడికిలి పోగూడదు. అంతే లెక్క.”

కావాలంటే కొలతలు కాగితం మీద రాసిస్తానంది. కాగితం నాకు దేనికి? అప్పటికి నాకు చదువు రాదు. యాభై దాటిన తర్వాత, మనవరాలి పలక పక్కన కూచుని నేర్చుకున్న అక్షరాలు ఇవి. ఆ రోజుల్లో మా ఆడవాళ్ళకు కొలత అంటే దారం. గాజులకైనా, రవికకైనా, బిడ్డ మొలతాడుకైనా దారమే. మా అత్త పాకలో ఉన్నప్పుడు, మూటకు కట్టిన నూలుదారం ఊడదీసి, తొట్టి పొడవు దగ్గర ఒక ముడి వేశాను. వెడల్పు దగ్గర ఇంకొక ముడి. అడుగు పలక నుంచి పై అంచు దాకా ఎత్తుకు మూడో ముడి. కడ్డీల సందు కొలవలేదు. అది నా పిడికిలి. అది ఎట్లాగూ నాతోనే వస్తుంది.

తొమ్మిదో దినం బస్సులో ప్రొద్దుటూరు తిరిగొచ్చాము. దారం నా దిండు కింద పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే మా ఆయనతో, ఇట్లా ఒక తొట్టి చేయించాలి, వడ్రంగి ఆచారికి చెప్పు అన్నాను.

“అమ్మ పులివెందులకు మనిషితో చెప్పి పంపింది,” అన్నాడు ఆయన. “పెద్దమ్మోళ్ళ ఇంటి ఉయ్యాల వస్తాది. ఇరవైఒకటో దినం దాంక ఆగు.”

పులివెందులలో మా అత్త అక్క ఉండేది. ఆమెకు ఏడుగురు. ఏడుగురూ బతికారు. మా అత్త ఎప్పుడు ఆ మాట చెప్పినా వేళ్ళు ముడుస్తూ చెప్పేది. ఆ ఏడుగురూ ఒకే ఉయ్యాలలో పెరిగారు. నా మొదటి బిడ్డకు ఆ ఉయ్యాల తేవడం ఆలస్యమైందని, తొందరగా తెచ్చి ఉంటే బిడ్డ దక్కేదని ఆమె లోపల అనుకునేదని నాకు తర్వాత తెలిసింది. నేను నిద్రను తప్పుపట్టుకున్నాను, ఆమె ఉయ్యాల రాకపోవడాన్ని తప్పుపట్టుకుంది. ఒకే ఇంట్లో ఎవరి లెక్క వాళ్ళది.

అంతవరకు బిడ్డను ఏం చేయాలి? మంచం మీద పక్కలో వేసుకోను. నేల మీద వేస్తే తేళ్ళు. చేటలో పాత గుడ్డ పరిచి, బిడ్డను అందులో పెట్టి, ఆ చేటను నా ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూచునేదాన్ని. కూచుని కునుకు తీయడం నేర్చుకున్నాను. తల వాలగానే ఉలిక్కిపడి లేచేదాన్ని. మూడో దినానికి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాను. పాలు తగ్గాయి. మా అత్త వెల్లుల్లి వేయించి పెట్టింది, మెంతులు ఉడికించి పెట్టింది. పాలు తగ్గింది తిండి వల్ల కాదని ఇద్దరికీ తెలుసు.

“పండుకోమే కొంచేపు. నేను చూస్తా బిడ్డను,” అనేది.

“మీరూ ముసలోళ్ళు అత్తా, మీకూ నిద్దర పడుతుంది.”

“నేనేమన్నా ఈ పొద్దు పుట్టినానా? అయిదుగురిని చూసినా,” అని, తర్వాత మాట మింగేసేది.

ఒకరోజు దిండు కింద దారం కనిపించలేదు. పరుపు ఎత్తి చూశాను, చాప దులిపాను. ఊడ్చేటప్పుడు పోయి ఉంటుందని అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగితే అది దేనికని అడుగుతారు.

ఇరవయ్యో దినం మా ఆయన పులివెందులకు పోయి, ఉయ్యాలను బస్సు పైకప్పు మీద కట్టించుకుని వచ్చాడు. ముద్దనూరులో బస్సు మారేటప్పుడు ఎవరో దాన్ని చూసి, “ఏమప్పా, పెండ్లి పల్లకీనా?” అని అడిగారట. నిజంగానే అందంగా ఉండేది. మంచి టేకు. నాలుగు మూలలా నాలుగు కొయ్య చిలకలు. వేలాడదీసే ఇత్తడి గొలుసులు. పంపించేటప్పుడు పెద్దమ్మ వాళ్ళు దాన్ని ఊరికే పంపలేదు. కడిగి, ఆరబెట్టి, కొయ్యకంతా ఆముదం పట్టించి, దూలానికి తగిలించే ఇనుప కొక్కేలకు దీపం మసి, ఆముదం కలిపి నల్లగా పూశారు. చూస్తే నిన్న చేయించినట్టుంది.

వీధిలో ఆడవాళ్ళు వచ్చి చిలకలను తడిమి చూసి పోయారు. అందరూ పోయిన తర్వాత నేను ఉయ్యాల పక్కన కూచుని పిడికిలి పెట్టి చూశాను. రెండు కమ్మీల సందున సులువుగా పోయింది. మోచేతి దాకా పోయింది.

“అత్తా, పిడికిలి పోతాంది,” అన్నాను.

“పోనీ. నీ పిడికిలిని ఏస్తామా ఉయ్యాల్లో? బిడ్డను కదా ఏసేది!”

ఎదురింటామె అక్కడే ఉంది. “ఆస్పత్రికి పోయొచ్చినాంక కోడలు డాక్టరమ్మ అయినట్టుండాది,” అని నవ్వింది. మా అత్త కూడా నవ్వింది. తర్వాత నాతో మెల్లగా, “ఏడుగురు మే. ఒకరు కాదు, ఇద్దరు కాదు. ఒక్కటన్నా ఇరుక్కుని ఉంటే మా అక్క చెప్పదా?” అనింది. సందుల్లో గుడ్డ చుట్టుకుందాములే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కమ్మీలు చూశాను, అడుగు తట్టి చూశాను. కొక్కేల వైపు చూడలేదు. మా ఆయన చూడలేదు. దూలానికి తగిలించినవాళ్ళూ చూడలేదు. ఏడుగురిని మోసిన ఉయ్యాల కొక్కేన్ని ఎవరు అనుమానిస్తారు?

ఇరవైఒకటో దినం పొద్దున ఉయ్యాలను నడింట్లో దూలానికి కట్టారు. అప్పుడు చూశాను. తలవైపు గొలుసుకు పసుపు పూసిన ఒక దారం చుట్టి ఉంది. దాంట్లో ముడులు. మా వీధిలో ప్రతి బిడ్డకూ దర్గాలో ఊది, ముడులు వేసి ఇచ్చే దారం ఒకటి కట్టేవాళ్ళు, కులం మతం లేకుండా. అట్లాంటి దారమే అనుకుని చూపు తిప్పుకోబోయాను. కానీ మూటకు కట్టే ముతక నూలు నాకు తెలియకపోదు. అది నా దారమే. మా అత్త దాన్ని నా దిండు కింద చూసి, దర్గా నుంచి తెప్పించుకున్నానని అనుకుని, పసుపు పూసి, ఇన్నాళ్ళూ దేవుని గూట్లో పెట్టిందట. అంతమంది ముందర అది కొలత అని నేను చెప్పలేకపోయాను.

ఉయ్యాలలో బిడ్డను వేసేముందు మా వైపు ఒక పద్ధతి ఉంది. ఖాళీ ఉయ్యాలలో నేరుగా బిడ్డను వేయరు. ముందు గుండ్రాయిని వేస్తారు. ఊరుబిండి పచ్చడి నూరే రాయే. దాన్ని కడిగి, పసుపు పూసి, బొట్టు పెట్టి, బిడ్డ టోపీ తొడిగి, గుడ్డలో చుట్టి, ఉయ్యాల కింది నుంచి ఒకరు ఇస్తే పై నుంచి ఒకరు అందుకుని లోపల పడుకోబెట్టి ఊపుతారు. బిడ్డ రాయి మాదిరి గట్టిగా ఉండాలని కొందరు, చెడు ఏదైనా ఉంటే రాయికి పోవాలని కొందరు చెబుతారు. పై నుంచి అందుకునే పని పిల్లలందరూ బతికిన ముత్తైదువ చేయాలి. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూచున్నాను.

మా అత్త రాయిని అందించింది. ఎదురింటామె అందుకుంది.

“ఎవురు పుట్టినారు వదినా?” అని ఎదురింటామె అడిగింది. అది కూడా పద్ధతే.

“రాయమ్మ పుట్టింది,” అనింది మా అత్త.

“అయితే కొడుకు మాదిరి తిండి పెట్టాల. నూరేదానికి పనికొస్తాది!”

అందరూ నవ్వుతుండగా రాయిని ఊపారు. ఒక ఊపు. రెండో ఊపు. మూడో ఊపుకు దూలం దగ్గర ఏదో టిక్కుమనింది. తలవైపు కొక్కెం విరిగింది. ఉయ్యాల ఒక కొసన వేలాడింది, రాయి టోపీతో సహా జారి నేల మీద పడింది. పేడతో అలికిన మట్టినేల గుంత పడింది. రాయి అంచు చిట్లి ఒక పెచ్చు గోడ దాకా పోయింది.

బిడ్డ నా ఒళ్ళో నిద్రపోతూనే ఉంది.

మా ఆయన విరిగిన కొక్కెం తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. పైన నల్లటి మసి. కింద, గొలుసు కూచునే వంకీ దగ్గర, అరిగి అరిగి గడ్డిపోచ మందమే మిగిలి ఉంది. ఒకరోజులో అరిగింది కాదు. ఏడుగురు బిడ్డలు, ఒక్కొక్కరు రెండేళ్ళు, మూడేళ్ళు, పగలూ రాత్రీ ఊగిన ఊపు ఆ ఇనుమును తినేసింది. ఆ ఏడుగురిలో ఒక్కరు దక్కకపోయి ఉన్నా ఆ కొక్కెం కొంచెం లావుగా ఉండేది.

ముందుగా తేరుకుంది మా అత్తే. రాయికి దండం పెట్టింది.

“చూసినారా? బిడ్డ గండం రాయి మోసింది. ఇంగ భయం లేదు. కొత్త కొక్కెం ఏపించి, సందేళకు బిడ్డను ఏద్దాం. రాయి శానా బరువు కదా. బిడ్డ అంత బరువుంటాదా?”

వచ్చినవాళ్ళు అవునన్నారు. అందులో తప్పేమీ లేదు. రాయి బరువే. బిడ్డ బరువుకు ఆ కొక్కెం ఆ రోజు విరిగేది కాదు. ఇంకొక నెలకో, రెండు నెలలకో విరిగేది.

నేను పెండ్లయి వచ్చినప్పటి నుంచి అత్తకు ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు, “ఆ ఉయ్యాల్లో నేను బిడ్డను ఏయనత్తా,” అన్నాను.

“మరి యాడ ఏస్తావు? పక్కలోనా?”

ఆ మాట ఆమె కావాలని అనలేదు. నోరు జారి వచ్చింది. వచ్చిన తర్వాత ఆమె ముఖం మారిపోయింది. రెండేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ పలకని మాట అది.

“పక్కలో ఏసుకోలేకనే చెప్తాండానత్తా,” అన్నాను.

ఎదురింటామె కొంగు సర్దుకుని లేచింది. ఒకరి వెనక ఒకరు అందరూ తాంబూలాలు తీసుకుని పోయారు. మా అత్త రాయిని ఎత్తుకుని పోయి, పసుపు పోయేదాకా కడిగి, దాని చోట దాన్ని పెట్టింది. ఆ రోజు నాతో మాట్లాడలేదు. మరుసటి దినం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా పోయి ఆచారిని పిలుచుకుని వచ్చింది.

ఆచారి ముసలాయన. చెవి మీద పెన్సిలు ముక్క. కొక్కెం తిప్పి చూసి, “ఇది కొక్కెం కాదు పెద్దమ్మా, దారం,” అన్నాడు. ఇంకో కొక్కెం కూడా అట్లాగే ఉందన్నాడు. గొలుసు విప్పబోతూ పసుపు దారం చూసి, తెంపడానికి కత్తి తీశాడు.

“తెంపవాకప్పా! అది దర్గా దారం,” అని మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. “దర్గాది కాదత్తా,” అన్నాను. “కొలత. ఆస్పత్రి తొట్టి కొలత. నేనే ముడులు ఏసినా.”

మా అత్త తలుపు వైపు తిరిగింది. “ఏందీ? కొలతా? పది దినాలు దీనికి సాంబ్రాణి ఏసినానే నేను!”

ఆచారి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. “మొక్కితే ఏమిలే పెద్దమ్మా. కొలతకు మొక్కితే మా కులదైవానికి మొక్కినట్టే,” అని, దారాన్ని జాగ్రత్తగా విప్పి సాగదీశాడు. “ఏమేమి కొలతలమ్మా ఇవి?”

“మూడు ముడులు. పొడవు, వెడల్పు, ఎత్తు.”

“మూడు కాదే, ఈడ అయిదుండాయి.”

నేను వేసినవి మూడే. ఆచారి మా అత్త వైపు చూశాడు. ఆమె నేల వైపు చూస్తూ, “కొసన ఉండే రెండూ నావి,” అనింది. “ఒకటి బిడ్డకు. ఒకటి దీనికి, కాస్త నిద్దర పట్టాలని.”

ఆచారి ఆ రెండు ముడులను వదిలేసి, మిగతా మూడింటినీ ఒక బద్ద మీద గీతలుగా దించుకున్నాడు. పసుపునీళ్ళకు దారం కుంచించుకుని ఉంటుందని వేలెడు ఎక్కువ పెట్టాడు.

“కమ్మీల సందు ఎంతమ్మా?”

నేను తలుపు సందులోంచి పిడికిలి బిగించి చెయ్యి చాపాను.

“అమ్మో, గుద్దేటట్టుండావే!” అన్నాడు. బద్దతో పిడికిలి వెడల్పు కొలుచుకున్నాడు. “ఇంతనా?”

“ఇది పోగూడదు. ఇంతకంటే శానా తక్కువ పెట్టు. అడుగున నులక వద్దు. పలక పెట్టు.”

“పలకా? బిడ్డకు గట్టిగా ఉండదా తల్లీ?”

“గట్టిగానే ఉండాల. మేకులు వద్దు. రంగు వద్దు.”

“రంగు ఏయకుంటే చూసేటోళ్ళు నా పనిని మెచ్చుకుంటారా?”

“చూసేటోళ్ళు మెచ్చుకుంటారు. బిడ్డ నాకుతాది.”

వేపకొయ్యతో చేస్తానన్నాడు. పురుగు పట్టదని. కాళ్ళు వెడల్పుగా చాచి పెడతానన్నాడు, ఎవరైనా ఆనుకున్నా ఒరగకుండా. అన్నీ అయ్యాయనుకుని లేవబోతుండగా మా అత్త ఆపింది.

“ఆ చిలకల్లో ఒకటి తీసి దీనికి పెట్టు.”

“అత్తా, అది పెద్దమ్మోళ్ళది. తిరిగి పంపాల కదా,” అన్నాను.

“మా అక్కకు నేను చెప్పుకుంటా. మూడు చిలకలు చాలు దానికి. ఏడుగురు పెరిగినేదాంట్లో ఒక ముక్కన్నా నా మనవరాలికాడ ఉండనీ.”

నేను ఒప్పుకున్నాను. తలవైపు కాలికి, బయటి పక్కకు పెట్టమన్నాను. బిడ్డకు ఏమీ తగలకుండా. పాత ఉయ్యాల కొత్త కొక్కేలతో, మూడు చిలకలతో పులివెందులకు తిరిగిపోయింది. పెద్దమ్మ ఏమందో మాకు తెలియదు. అందులో ఎనిమిదో బిడ్డ కూడా, ఆమె మనవడు, పెరిగాడు.

తొట్టి నాలుగు దినాలకు వచ్చింది. ఆ నాలుగు దినాలూ చేట నా ఒళ్ళోనే ఉంది. ఆచారి మధ్యాహ్నం పూట భుజాన పెట్టుకుని తెచ్చి నా మంచానికి ఆనించి పెట్టాడు. కొలత సరిపోయింది. పిడికిలి ఏ వైపూ పోలేదు. మా అత్త బిడ్డను ఎత్తుకోవడానికి వంగింది.

“ఉండత్తా,” అని నేను వంటింట్లోకి పోయి గుండ్రాయిని తెచ్చాను. బొట్టు పెట్టలేదు, టోపీ పెట్టలేదు. తెచ్చి తొట్టిలో పెట్టాను.

“మళ్ళా రాయేంది? ఒకసారి అయిపాయ కదా,” అనింది మా అత్త.

“ఇది నా కోసరం.”

అంచు పట్టుకుని ఊపాను. ఇటు నుంచి, అటు నుంచి నెట్టాను. తొట్టి కదల్లేదు, పలక మూలగలేదు. రాయిని మరుసటి మధ్యాహ్నం దాకా అందులోనే ఉంచాను. ఊరుబిండి నూరడానికి రాయి లేక ఆ పూట మా ఇంట్లో మజ్జిగన్నమే. మా ఆయన అదే తిని మిల్లుకు పోయాడు.

మరుసటి దినం రాయి తీసి, పాతచీర ఒకటే ఒక మడత పరిచి, బిడ్డకు పాలిచ్చి, వెల్లకిలా పడుకోబెట్టాను. నా మంచం మీద పడుకున్నాను. నులక మామూలుగానే నన్ను నడుమకు జార్చింది. చెయ్యి చాపి చూశాను. కమ్మీ తగిలింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు.

మెలకువ వచ్చేటప్పటికి వాకిట్లో మా అత్త గొంతు వినిపిస్తోంది. ఎదురింటామె తొట్టిని చూడడానికి వచ్చినట్టుంది.

“పండుకోనుండాది. రేపు రాపో.”

“పొద్దు మునగబోతాంది గదా వదినా, ఇంగానా?”

“ఇంగానే. పోమ్మా నువ్వు. గట్టిగా మాట్లాడవాకు.”

ఎండ వాకిలి దాటి గోడ మీదికి పోయింది. అంతసేపు పడుకున్నానన్నమాట. లేవకుండానే చెయ్యి ఎత్తి, కమ్మీల పై నుంచి లోపలికి దించాను. బిడ్డ పొట్ట తగిలింది. పైకీ కిందికీ ఆడుతోంది. వెచ్చగా ఉంది.

చెయ్యి అట్లాగే ఉంచి మళ్ళీ కండ్లు మూసుకున్నాను.